రెండు రోజుల శిక్షణతో పిల్లల మనోగాయం మానుతుందా?

క్లుప్తంగా: హింసను, విపత్తును, అయినవాళ్ల మరణాన్ని, లైంగిక దాడిని చవిచూసిన పిల్లలకు పనిచేసే చికిత్సలు ఉన్నాయి. వాటిని ఇతరులకు ఎలా నేర్పాలో కూడా తెలుసు. కొరతంతా ఈ రెండింటినీ కలిపే మనుషుల దగ్గరే ఉంది. పిల్లలతో స్వయంగా పనిచేస్తూ, కొత్తవాళ్ల పనిని నెలల తరబడి చూసి దిద్దగలిగే నిపుణులు తక్కువ. శిక్షణ సదస్సులు ఎన్ని జరిగినా ఆ కొరత ఎందుకు తీరడం లేదో, దాని ప్రభావం పిల్లల మీద ఎలా పడుతోందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

భూకంపమో, వరదో, బడిలో కాల్పులో జరిగిన మర్నాడు వార్తల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: 'పిల్లలకు కౌన్సెలింగ్ ఇచ్చేందుకు బృందాలు బయల్దేరాయి.' ఆ బృందాల్లో ఎవరుంటారు, పిల్లలతో ఏం మాట్లాడతారు, ఎన్నాళ్లుంటారు, వాళ్లకు ఆ పని ఎవరు నేర్పారు అన్న వివరాలు మాత్రం అరుదుగా వస్తాయి. అందుకే చదివేవాళ్లలో రెండు అపోహలు పాతుకుపోయాయి. ప్రేమగా మాట్లాడటం వస్తే చాలు, ఈ పని ఎవరైనా చేసేయొచ్చన్నది ఒకటి. మానసిక వైద్యులు తప్ప మరొకరు ఇందులో వేలు పెట్టకూడదన్నది రెండోది. ఈ రెండూ నిజం కావని గత పాతికేళ్ల అనుభవం చెబుతోంది.

## భయం పోదు, రూపు మార్చుకుంటుంది

ప్రమాదం ఎదురైన క్షణంలో శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, నిదానంగా ఆలోచించే శక్తి పక్కకు తప్పుకుంటుంది. ప్రమాదం దాటాక ఇదంతా చల్లబడాలి. మనోగాయం తగిలిన పిల్లల్లో అది సరిగా చల్లబడదు. ఆ రోజు విన్నదాని లాంటి చప్పుడు, ఆ మనిషి దగ్గర వచ్చినదాని లాంటి వాసన, ఎవరో గొంతు పెంచడం, ఏదో ఒకటి చాలు. ప్రమాదం ఇప్పుడే జరుగుతున్నట్టు శరీరం స్పందిస్తుంది.

పెద్దవాళ్లయితే 'అది పదే పదే గుర్తొస్తోంది' అని చెప్పుకోగలరు. నాలుగేళ్ల పిల్లకు ఆ మాట అనడం రాదు. దాన్ని ఆటలో చూపిస్తుంది. బొమ్మ కారును గోడకు గుద్దిస్తుంది, వెనక్కి తీస్తుంది, మళ్లీ గుద్దిస్తుంది. గంటసేపు అదే ఆట, అందులో సరదా ఉండదు. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. వచ్చిన మాటలు తగ్గిపోతాయి. పదేళ్ల పిల్లవాడైతే రోజూ కడుపునొప్పి అంటాడు, చిన్న మాటకే తిరగబడతాడు, పుస్తకం ముందు కూర్చుని ఎటో చూస్తుంటాడు. పదిహేనేళ్ల వయసులో ఇదే బాధ మత్తుగానో, చేతులు కోసుకోవడంగానో, ఇంట్లోంచి పారిపోవడంగానో బయటపడవచ్చు.

బడిలో వీటన్నిటికీ వేరే పేర్లున్నాయి: అల్లరి, మొండితనం, శ్రద్ధలేమి. ఉలిక్కిపడుతూ చుట్టూ కాపలా కాస్తున్న పిల్లవాడికీ, ఏకాగ్రత లోపం ఉన్న పిల్లవాడికీ పైకి తేడా తెలియదు. పేరు తప్పితే చికిత్సా తప్పుతుంది. అందుకే అడగాల్సిన ప్రశ్న సరిగ్గా అడగడంతోనే ఈ నిపుణుల పని మొదలవుతుంది.

వైద్యరంగం కూడా ఈ తేడాను ఆలస్యంగానే గుర్తించింది. పీటీఎస్‌డీ (మనోగాయం తర్వాత మిగిలిపోయే ఒత్తిడి రుగ్మత) అనే నిర్ధారణ 1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలోకి వచ్చింది. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ దాని వెనక ఉన్న బలమైన కారణాల్లో ఒకటి. ప్రమాణాలన్నీ పెద్దవాళ్ల భాషలోనే ఉన్నాయి. ఆరేళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు విడిగా ప్రమాణాలు 2013లో గానీ రాలేదు. మధ్యలో గడిచినవి 33 ఏళ్లు.

## పిల్లల పక్కన కూర్చున్నవాళ్లు రాసిన చరిత్ర

ఈ రంగంలో నిలిచిన జ్ఞానంలో ఎక్కువ భాగం పిల్లలను నేరుగా, ఓపికగా గమనించినవాళ్ల దగ్గర నుంచే వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్‌లో ఆనా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగమ్ హాంప్‌స్టెడ్ వార్ నర్సరీలు నడిపారు. అక్కడ పనిచేసినవాళ్లు పిల్లల ప్రవర్తనను రోజూ రాసిపెట్టేవారు. బాంబుల మోత కన్నా తల్లి నుంచి విడిపోవడమే చాలామంది పిల్లలను ఎక్కువగా కుంగదీసిందని ఆ రాతల్లో తేలింది. తల్లి నిబ్బరంగా ఉంటే పిల్లలూ నిబ్బరంగా ఉండేవారని కూడా గమనించారు. పిల్లల చికిత్సలో పెంచేవాళ్లను తప్పనిసరిగా కలుపుకోవాలన్న నేటి నియమానికి వేరు అక్కడే ఉంది.

1976 జులైలో కాలిఫోర్నియాలోని చౌచిల్లాలో ఒక బడి బస్సును దుండగులు దారి మళ్లించారు. 26 మంది పిల్లలను, డ్రైవరును క్వారీలో పూడ్చిపెట్టిన ట్రక్కు ట్రైలరులో బంధించారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. శరీరాల మీద పెద్ద గాయాల్లేవు కాబట్టి కథ ముగిసిందనుకున్నవాళ్లే ఎక్కువ. పిల్లల మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ మాత్రం ఆ పిల్లలను నెలల తర్వాత కలిశారు, నాలుగేళ్ల తర్వాత మళ్లీ కలిశారు. ఆ రెండోసారి చూసిన ప్రతి బిడ్డలోనూ ఏదో ఒక గాయపు గుర్తు మిగిలే ఉంది. భవిష్యత్తు గురించి అడిగితే తాము ఎక్కువకాలం బతకమని చెప్పిన పిల్లలున్నారు. 'పిల్లలు త్వరగా మరచిపోతారు' అన్న నమ్మకానికి అంత పెద్ద దెబ్బ అంతకుముందు తగల్లేదు.

ఆ తర్వాతి మలుపు 1998లో వచ్చింది. విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా ప్రచురించిన ఏసీఈ (బాల్యంలోని చేదు అనుభవాలు) అధ్యయనం బాల్యంలో అనుభవించిన హింస, కుటుంబంలోని అస్తవ్యస్తత నడివయసులో వచ్చే జబ్బులతో ఎలా ముడిపడి ఉన్నాయో చూపింది. రెండు విడతల్లో 17 వేల మందికి పైగా పెద్దవాళ్లు అందులో పాల్గొన్నారు. రొమేనియాలో 2000 తర్వాత నడిచిన బుకారెస్ట్ ప్రాజెక్టు అనాథాశ్రమాల్లోని 136 మంది పిల్లలను తీసుకుని, లాటరీ పద్ధతిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు పంపింది. కుటుంబాల్లోకి వెళ్లిన పిల్లలు చాలా విషయాల్లో కోలుకున్నారు. సుమారు రెండేళ్ల వయసులోపు వెళ్లినవాళ్లు, ముఖ్యంగా మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో, ఎక్కువగా తేరుకున్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఏసీఈ అంకె, అంటే అలాంటి అనుభవాలు ఎన్ని రకాలో లెక్కేసిన సంఖ్య, ఇప్పుడు ప్రశ్నపత్రం రూపంలో అందరి చేతుల్లో తిరుగుతోంది. అది నాలుగుకు చేరితే బిడ్డ భవిష్యత్తు తేలిపోయినట్టే మాట్లాడేవాళ్లున్నారు. ఆ అంకె జనాభా స్థాయి అంచనాకే తప్ప ఒక్కో మనిషి జాతకం చెప్పడానికి పనికిరాదని 2020లో ఆండాయే రాశారు. పిల్లలతో పనిచేసేవాళ్లకు ఇచ్చే శిక్షణల్లో ఈ మాట మొదటి గంటలోనే చెప్పాలి. చాలాచోట్ల చెప్పడం లేదు.

## చికిత్స గదిలో ఏం జరుగుతుంది

అన్నిటికన్నా విస్తృతంగా పరీక్షకు నిలిచిన పద్ధతి టీఎఫ్-సీబీటీ, అంటే మనోగాయం మీద దృష్టిపెట్టి ఆలోచనలను, ప్రవర్తనను సరిచేసే చికిత్స. జుడిత్ కోహెన్, ఆంథనీ మానరీనో, ఎస్తర్ డెబ్లింజర్ దీన్ని రూపొందించారు. మామూలుగా 12 నుంచి 16 వారాలు నడుస్తుంది. బిడ్డతో కొంతసేపు, పెంచేవాళ్లతో కొంతసేపు, తర్వాత ఇద్దరినీ కలిపి పని చేస్తారు.

మొదటి వారాల్లో జరిగిన సంఘటన జోలికి పెద్దగా పోరు. నీకు జరిగింది ఇంకా చాలామంది పిల్లలకు జరిగింది, నీ ఒంట్లో వచ్చే ఈ మార్పులకు కారణం ఇదీ అని బిడ్డ భాషలో చెబుతారు. ఊపిరి నెమ్మది చేసుకోవడం, మనసులో ఉన్నది కోపమా భయమా సిగ్గా అని పేరు పెట్టుకోవడం, ఆ భావం తీవ్రత ఎంతో పదికి లెక్కకట్టుకోవడం నేర్పుతారు. అదే సమయంలో అమ్మకో నాన్నకో అమ్మమ్మకో వేరే పాఠం నడుస్తుంది. తిరగబడే బిడ్డను ఎలా పట్టుకోవాలి, రాత్రి భయపడి లేస్తే ఏం చేయాలి, తమలోని అపరాధ భావాన్ని బిడ్డ ముందు కుమ్మరించకుండా ఎలా ఉండాలి అన్నవి అందులో ఉంటాయి.

ఆ తర్వాత అసలు కష్టమైన భాగం వస్తుంది. జరిగినదాన్ని బిడ్డ కొంచెం కొంచెంగా చెబుతుంది. కొందరు రాస్తారు, కొందరు బొమ్మలు గీస్తారు, చిన్నవాళ్లు ఆట బొమ్మలతో చూపిస్తారు. థెరపిస్టు తొందరపెట్టరు, తప్పించుకోనివ్వరు కూడా. వారం వారం ఆ కథకు వివరాలు చేరతాయి. భరించగలిగినంత మోతాదులో మళ్లీ మళ్లీ చెబుతుంటే జ్ఞాపకం జ్ఞాపకంగానే మిగులుతుంది, ప్రమాదంగా కనిపించడం మానేస్తుంది. ఈ క్రమంలోనే బిడ్డ లోపల దాచుకున్న తప్పుడు లెక్కలు బయటికొస్తాయి. 'నేను గట్టిగా అరిచి ఉంటే తమ్ముడు బతికేవాడు' అన్నది అలాంటి లెక్క. ఎన్నాళ్ల నుంచో ఆ మాట మోస్తున్న ఎనిమిదేళ్ల బిడ్డ దాన్ని ఎవరితోనూ అనకపోయి ఉండవచ్చు. అది పైకి వచ్చాకే దాన్ని సరిచేయడం సాధ్యం. చివర్లో బిడ్డ తన కథను పెంచేవాళ్లకు వినిపిస్తుంది. వినడానికి వాళ్లను ముందే సిద్ధం చేసి ఉంచుతారు.

ప్రతి బిడ్డకూ ఇదే కొలత సరిపోదు. 2011లో డెబ్లింజర్ బృందం 4 నుంచి 11 ఏళ్ల పిల్లలు 210 మందితో జరిపిన పరీక్షలో కథ చెప్పించే భాగం ఉన్న ఎనిమిది వారాల చికిత్స భయాన్ని తగ్గించడంలో ముందుంది. ప్రవర్తన సమస్యలు, పెంపకం విషయంలో మాత్రం ఆ భాగం లేని పదహారు వారాల చికిత్స మెరుగ్గా కనిపించింది. ఏ బిడ్డకు ఏది ముందు అన్న నిర్ణయం పుస్తకంలో దొరకదు. అనుభవం ఉన్నవాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

ఇతర పద్ధతుల్లో ఆరేళ్లలోపు పిల్లలకు తల్లీబిడ్డలను కలిపి చూసే చికిత్స ఉంది. సెల్మా ఫ్రైబర్గ్ ఆలోచనల మీద ఆలిసియా లీబర్‌మాన్, పాట్రీషియా వాన్ హార్న్ దాన్ని తీర్చిదిద్దారు. కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఈఎండీఆర్‌ను 1980ల చివర్లో ఫ్రాన్సిన్ షాపీరో మొదలుపెట్టగా, 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పీటీఎస్‌డీ ఉన్న పిల్లలకు సిఫార్సు చేసిన చికిత్సల్లో అదీ చేరింది. తల్లిదండ్రులు బిడ్డతో మెలిగే తీరును సరిచేసే పీసీఐటీ అనే చికిత్సలో తల్లిదండ్రుల చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంటుంది. బిడ్డతో ఆడుతున్నంతసేపూ అద్దం వెనక నుంచి థెరపిస్టు ఏం అనాలో, ఎప్పుడు ఊరుకోవాలో చెబుతుంటారు. పిల్లలను కొట్టిన చరిత్ర ఉన్న 110 మంది తల్లిదండ్రులతో 2004లో ప్రచురితమైన పరీక్షలో, పీసీఐటీ పొందినవాళ్లలో 19 శాతం మీద మళ్లీ కొట్టినట్టు ఫిర్యాదు వచ్చింది. మామూలు పేరెంటింగ్ తరగతులకు వెళ్లినవాళ్లలో అది 49 శాతం. చెప్పి పంపించడానికీ, చేస్తుండగా పక్కనుండి చెప్పడానికీ ఉన్న తేడా ఈ రెండు అంకెల్లో ఉంది. నిపుణులకు ఇచ్చే శిక్షణకూ ఇదే వర్తిస్తుంది.

## సదస్సు ఎందుకు చాలదు

మనోగాయం మీద శిక్షణ అంటే సాధారణంగా ఒక హాలు, ఒకటో రెండో రోజులు, తెర మీద మెదడు బొమ్మ, చివర్లో సర్టిఫికెట్. వచ్చినవాళ్లు నిజంగానే కదిలిపోతారు. పరీక్ష పెడితే మార్కులూ వస్తాయి. చికిత్సల శిక్షణ మీద జరిగిన పరిశోధనలన్నీ ఒక విషయంలో దాదాపు ఏకీభవిస్తాయి. సదస్సు జ్ఞానాన్ని పెంచుతుంది, గదిలో బిడ్డతో ప్రవర్తించే తీరును మాత్రం పెద్దగా మార్చదు. వ్యసనాల కౌన్సెలింగ్ రంగంలో విలియం మిల్లర్ బృందం 2004లో ప్రచురించిన పరీక్ష దీనికి మంచి ఉదాహరణ. సదస్సుకు మాత్రమే వచ్చినవాళ్ల నైపుణ్యం నెలల్లో జారిపోయింది. తర్వాత కూడా తమ పని మీద అభిప్రాయం, ఫోన్లో మార్గదర్శనం అందుకున్నవాళ్లలో నిలిచింది.

పిల్లల విషయంలో ఇది ఇంకా తీవ్రంగా ఉండటానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మనోగాయం ముఖ్య లక్షణం తప్పించుకోవడం. బిడ్డ ఆ విషయం ఎత్తదు. తల్లిదండ్రులు ఎత్తరు. కొత్తగా నేర్చుకున్న థెరపిస్టు కూడా తెలియకుండానే ఎత్తరు. బిడ్డ కళ్లలో నీళ్లు రాగానే 'ఈ వారానికి వద్దులే, ఇంకోసారి చూద్దాం' అనిపిస్తుంది. అది దయలాగే కనిపిస్తుంది. మరుసటి వారం బొమ్మలు వేయిస్తారు, ఆ పై వారం ఊపిరి అభ్యాసం మళ్లీ చేయిస్తారు. నెలలు గడుస్తాయి, కథ మొదలే కాదు. 'ఇది తలచుకోలేనంత భయంకరం, పెద్దవాళ్లు కూడా వినలేరు' అన్న బిడ్డ నమ్మకం మరింత గట్టిపడుతుంది.

ఈ తప్పటడుగు వేసేవాళ్లకు స్వయంగా కనిపించదు. రికార్డింగ్ విని, 'ఇక్కడ బిడ్డ ఒక మాట మొదలుపెట్టింది, మీరు విషయం మార్చారు, ఎందుకు?' అని అడిగే మనిషి కావాలి. ఆ ప్రశ్న అడిగేవాళ్లు తామూ అలా మార్చిన రోజులు గుర్తున్నవాళ్లై ఉండాలి. చికిత్స మానేసి పూర్తిగా శిక్షణకే పరిమితమైనవాళ్ల కన్నా, వారానికి కొద్దిమంది పిల్లలనైనా చూస్తున్న శిక్షకులకు విలువ ఎక్కువని చెప్పడానికి ఇదే కారణం. అలాంటి శిక్షకులు, కేసు తెచ్చినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో వాళ్లు మాట చెప్పే తీరులోనే పోల్చుకోగలరు.

అందుకే గట్టి కార్యక్రమాలన్నీ సదస్సును తొలి మెట్టుగానే చూస్తాయి. అమెరికా కాంగ్రెస్ 2000లో చేసిన చట్టంతో ఏర్పడిన జాతీయ బాల మనోగాయ నెట్‌వర్క్ (ఎన్‌సీటీఎస్‌ఎన్) 'లెర్నింగ్ కొలాబరేటివ్' పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. ఒక సంస్థ నుంచి థెరపిస్టులతో పాటు వాళ్ల సూపర్‌వైజరు, పై అధికారి కూడా కలిసి రావాలి. నెలల వ్యవధిలో పలుమార్లు కలుస్తారు. మధ్యలో అసలు కేసుల మీద పనిచేస్తూ, ఫోన్లో వాటిని చర్చిస్తూ, ఫలితాలను కొలిచి చూపాలి. పై అధికారి ఎందుకంటే, వారానికి ఒక గంట పర్యవేక్షణకు సమయం కేటాయించే అధికారం థెరపిస్టుకు లేదు, ఆ అధికారికి ఉంది. నేర్చుకున్నది నిలవకపోవడానికి చాలాసార్లు కారణం మనిషి కాదు, ఆ మనిషి తిరిగివెళ్లే ఆఫీసు.

## డిగ్రీ లేనివాళ్లు చేయగలరా

జాంబియా రాజధాని లుసాకాలో 5 నుంచి 18 ఏళ్ల వయసున్న 257 మంది అనాథ, నిస్సహాయ పిల్లలతో ఒక పరీక్ష జరిగింది. 2015లో ఫలితాలు వచ్చాయి. టీఎఫ్-సీబీటీ ఇచ్చినవాళ్లకు మానసిక చికిత్సలో వృత్తిపరమైన డిగ్రీలు లేవు. స్థానికంగా ఎంపికై శిక్షణ పొందిన కౌన్సెలర్లే. మామూలు సహాయం పొందిన పిల్లల కన్నా వీళ్ల చేతిలో చికిత్స పొందిన పిల్లల్లో మనోగాయ లక్షణాలు చాలా ఎక్కువగా తగ్గాయి. కెన్యా, టాంజానియాల్లో తల్లినో తండ్రినో ఇద్దరినీనో కోల్పోయిన 640 మంది పిల్లలతో జరిగిన మరో పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. అక్కడ చికిత్స గుంపులుగా నడిచింది. చికిత్స ముగిసేసరికి నాలుగు ప్రాంతాల్లో మూడుచోట్ల మామూలు సేవల కన్నా మెరుగైన ఫలితం కనిపించింది.

ఈ ఫలితాలను 'ఎవరైనా చేయొచ్చు' అని చదివితే పొరపాటు. ఆ కౌన్సెలర్లు నేర్చుకున్నది పనివాడి దగ్గర శిష్యరికం లాంటి పద్ధతిలో. తరగతి తర్వాత చిన్న బృందాలుగా సాధన చేశారు. ప్రతి వారం స్థానిక సూపర్‌వైజరు వాళ్లతో ఒక్కో కేసునూ విడదీసి చూశారు. ఆ సూపర్‌వైజరుతో దూరాన ఉన్న నిపుణులు వారం వారం మాట్లాడారు. పై నుంచి కింది దాకా ఎవరో ఒకరు ఎవరో ఒకరి పనిని చూస్తూనే ఉన్నారు. ఒకవైపు పెద్ద డిగ్రీ ఉండి పర్యవేక్షణ లేనివాళ్లను, మరోవైపు డిగ్రీ లేకపోయినా పర్యవేక్షణ కింద పనిచేసేవాళ్లను నిలబెడితే, బిడ్డకు ఎవరి దగ్గర మేలు జరుగుతుందన్న ప్రశ్న ఇప్పుడు నిజాయతీగా అడగాల్సిందే.

అయితే ఆత్మహత్య ప్రమాదం, తీవ్రమైన డిసోసియేషన్ (తన నుంచి, చుట్టూ ఉన్నదాని నుంచి మనసు తెగిపోయినట్టు ఉండటం), మందులు అవసరమయ్యే స్థితి వంటివి గుర్తించి సైకియాట్రిస్టుకు, క్లినికల్ సైకాలజిస్టుకు పంపే దారి తెరిచి ఉండాలి. ఆ దారి లేనిచోట కౌన్సెలర్ల మీద భారం మోపడం వాళ్లకూ పిల్లలకూ అన్యాయం.

## మంచి ఉద్దేశం చేసిన హాని

సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పించే 'డీబ్రీఫింగ్' ఒకప్పుడు తప్పనిసరిగా భావించేవారు. ఒకే విడతలో చేసే అలాంటి డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదని, కొందరికి హాని కూడా చేయవచ్చని పరిశోధనలన్నిటినీ కలిపి పరిశీలించే కాక్రేన్ సమీక్ష తేల్చింది. రోడ్డు ప్రమాదాల తర్వాత పిల్లలకు చేసిన డీబ్రీఫింగ్‌లోనూ అదనపు మేలు కనిపించలేదు. దాని స్థానంలో వచ్చినది సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలు కలిసి దాని మీద మార్గదర్శి తెచ్చాయి. చూడటం, వినడం, కావాల్సినవాళ్లతో కలపడం, ఇంతే దాని సారం. చెప్పమని బలవంతం ఉండదు. బిడ్డను ముందు తనవాళ్ల దగ్గరికి చేర్చడం, నీళ్లు, తిండి, నిద్ర, భద్రత చూడటమే మొదటి చికిత్స.

వారాల తర్వాత కథ చెప్పించడం మంచిదై, మర్నాడే చెప్పించడం ఎందుకు చెడ్డదవుతుందన్న సందేహం సహజం. సిద్ధం కావడానికి నేర్పిన నైపుణ్యాలు, పక్కన నమ్మకమైన పెద్దవాళ్లు, భరించగలిగే మోతాదు, ముగిసేదాకా వదలకుండా ఉండే మనిషి. ఈ నాలుగూ ఉన్నప్పుడే కథ చెప్పడం చికిత్స అవుతుంది. మర్నాటి హడావుడిలో ఈ నాలుగూ ఉండవు. చాలామంది పిల్లలు కొద్ది వారాల్లో ఏ చికిత్సా లేకుండానే తేరుకుంటారు కూడా.

అంతకన్నా ఘోరమైన ఉదాహరణ 2000లో అమెరికాలోని కొలరాడోలో జరిగింది. 'రీబర్తింగ్' అనే పేరుతో దుప్పట్లలో చుట్టి, పుట్టుకను మళ్లీ అనుభవించేలా చేస్తామన్న ప్రయోగంలో పదేళ్ల పాప ఊపిరాడక చనిపోయింది. ఊపిరి అందడం లేదని ఆ పాప పదే పదే చెప్పినా అది చికిత్సలో భాగమేననుకున్నారు. మరుసటి ఏడాది ఆ రాష్ట్రం ఆ పద్ధతిని నిషేధించింది. ఏ పరీక్షకూ నిలవని పద్ధతి, బిడ్డ మాటను ప్రతిఘటనగా కొట్టిపారేయడం నేర్పిన శిక్షణ, బయటి నుంచి చూసి ఆపేవాళ్లు లేకపోవడం, మూడూ అక్కడ ఒక్కచోట చేరాయి.

నేర విచారణ కోసం పిల్లలను ప్రశ్నించడం దీనికి పూర్తిగా వేరైన నైపుణ్యం. జవాబును సూచించే ప్రశ్నలు పదే పదే అడిగితే చిన్నపిల్లలు జరగనిది జరిగినట్టు చెప్పే అవకాశం ఉందని 1980ల నాటి కొన్ని కేసుల తర్వాత స్పష్టమైంది. విచారణాధికారి పాత్ర, థెరపిస్టు పాత్ర ఒకరే మోయకూడదన్న నియమం అందుకే.

## బడి పని వేరు, చికిత్స వేరు

'ట్రామా-ఇన్‌ఫార్మ్‌డ్' అన్న మాట ఇప్పుడు బళ్లు, ఆసుపత్రులు, పోలీసు విభాగాలు, కోర్టులు అన్నీ వాడుతున్నాయి. అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్‌సా 2014లో దానికిచ్చిన నిర్వచనంలో నాలుగు అంశాలున్నాయి: మనోగాయం ఎంత విస్తృతమో గ్రహించడం, దాని గుర్తులు పోల్చుకోవడం, ఆ ఎరుకతో విధానాలు మార్చుకోవడం, మళ్లీ గాయపరచకుండా ఉండటం. ఇందులో చికిత్స లేదు. టీచరు బిడ్డ చేత కథ చెప్పించనక్కర్లేదు, చెప్పించకూడదు కూడా. తలుపు ఎదురుగా కనిపించే చోట కూర్చోనివ్వడం, కాలపట్టిక మారితే ముందే చెప్పడం, భయపడ్డ బిడ్డ మీద అరవకపోవడం, ఆసుపత్రిలో సూది వేసేముందు ఏం చేయబోతున్నారో చెప్పడం టీచరు పని, నర్సు పని. రెండు రోజుల శిక్షణ దీనికి చాలావరకు సరిపోతుంది. అదే శిక్షణతో చికిత్స మొదలుపెట్టినప్పుడే గందరగోళం వస్తుంది.

## వినేవాళ్ల మీద పడే బరువు

ఒకరి బాధ వింటూ వినేవాళ్లలోనే పీడకలలు, ఉలికిపాటు, ఏమీ పట్టనితనం మొదలవడాన్ని ద్వితీయ మనోగాయం అంటారు. 1990లలో చార్ల్స్ ఫిగ్లీ తదితరులు దీన్ని వివరంగా రాశారు. పిల్లలతో పనిచేసేవాళ్లలో, ముఖ్యంగా ఇంట్లో అదే వయసు బిడ్డలున్నవాళ్లకు, ఇది గట్టిగా తగులుతుంది. ఇది బలహీనత కాదు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు మోతాదు కొలిచే బ్యాడ్జీ ఇచ్చినట్టే దీన్నీ వృత్తి ప్రమాదంగా చూడాలి. కేసుల సంఖ్యకు హద్దు, పంచుకునేందుకు సహోద్యోగులు, క్రమం తప్పని పర్యవేక్షణ, నిజంగా తీసుకోగలిగే సెలవులు అందులో భాగం. యోగా తరగతి పెట్టి కేసులు రెట్టింపు చేసే సంస్థలు ఈ ప్రమాదాన్ని ఉద్యోగి వ్యక్తిగత సమస్యగా మారుస్తున్నాయి.

దీని దెబ్బ శిక్షణ వ్యవస్థ మీదే తిరిగి పడుతుంది. ఏడాదిపాటు నేర్చుకున్న కౌన్సెలర్ అలసిపోయి మానేస్తే, రేపు ఇతరులకు నేర్పాల్సిన మనిషి పోయినట్టే. సగంలో ఆగిన చికిత్స ఉన్న బిడ్డ కొత్త ముఖం ముందు కూర్చుని మొదటి నుంచి మొదలుపెట్టాలి. పెద్దవాళ్లు వదిలేసి వెళ్లిపోవడమే గాయమైన పిల్లలకు అదొక కొత్త గాయం.

## రాబోయే మార్పులు

ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 వర్గీకరణ 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. దీర్ఘకాలం హింస అనుభవించినవాళ్లలో కనిపించే సంక్లిష్ట పీటీఎస్‌డీ అందులో విడిగా చేరింది. దీంతో శిక్షణ కోరేవాళ్లు పెరుగుతారు, ఇచ్చేస్తామనేవాళ్లూ పెరుగుతారు. ఆన్‌లైన్ కోర్సులు దూరాన్ని నిజంగానే తగ్గించాయి. టీఎఫ్-సీబీటీ పాఠాలు 2005 నుంచే వెబ్‌లో ఉన్నాయి. వీడియో ద్వారా పర్యవేక్షణ కూడా సాధ్యమైంది. కానీ ఒక వీడియో పాఠాన్ని లక్ష మంది చూడవచ్చు, ఒక సూపర్‌వైజరు వారంలో కొద్దిమంది పనినే వినగలరు. ఇరుకు అక్కడే ఉంది, అది సాంకేతికతతో విశాలం కాదు.

కాబట్టి ఒక శిక్షణ కార్యక్రమాన్ని అంచనా వేయాలంటే వక్తల పేర్ల కన్నా కొన్ని మామూలు ప్రశ్నలు ఎక్కువ చెబుతాయి. సదస్సు ముగిశాక ఎన్ని నెలలు కేసుల చర్చ ఉంటుంది? రికార్డింగులు ఎవరైనా వింటారా? చికిత్సకు ముందూ తర్వాతా పిల్లల లక్షణాలను కొలుస్తారా? శిక్షకులు ఇప్పటికీ పిల్లలను చూస్తున్నారా? బిడ్డను తీసుకొచ్చిన తల్లిదండ్రులు కూడా థెరపిస్టును ఇవే మాటలు మరోలా అడగవచ్చు: ఏ పద్ధతి వాడతారు, అందులో మా పాత్ర ఏమిటి, బిడ్డ మెరుగవుతున్నట్టు ఎలా తెలుస్తుంది, కష్టమైన కేసు వస్తే మీరు ఎవరిని సంప్రదిస్తారు. ఈ చివరి ప్రశ్నకు ఒక మనిషి పేరో, వారంలో ఒక రోజో జవాబుగా రావాలి.

నిధులిచ్చేవాళ్ల పద్దుల్లో హాలు అద్దెకు, సర్టిఫికెట్లకు, వక్తల ప్రయాణానికి గళ్లు ఉంటాయి. ఆ తర్వాతి ఆరు నెలల పాటు వారానికి ఒక గంట చొప్పున పర్యవేక్షించే మనిషి జీతానికి చాలాసార్లు గడి ఉండదు. కౌన్సెలర్ చేతిలోని కేసు ఎక్కడ ఆగిపోతుందో ముందే చెప్పగలిగేది ఆ ఖాళీ గడే.